సందులో వాలుగచ్చు

పక్షవాతం వచ్చాక నాన్నకు ఒక్క మాటే మిగిలింది. ఆ మాట "కావున".

నాన్న నర్సీపట్నం హైస్కూల్లో లెక్కల మాస్టారు. రేఖాగణితం చెప్పేటప్పుడు నల్లబల్ల మీద మూడు చుక్కలు పెట్టి, సుద్దముక్క గాలిలో అలాగే పట్టుకుని, "కావున" అని ఆగేవారు. ఆగినచోట క్లాసంతా తరవాతి వాక్యం కోసం చూసేది. డెబ్బైల్లో నేనూ ఆ క్లాసులో కూర్చున్నాను. బళ్ళో నాకూ ఆయన మాస్టారే. ఒకసారి మమ్మల్ని ఏటికొప్పాక తీసుకెళ్ళి, వరాహ నది ఒడ్డున నిలబెట్టి, నీళ్ళలో దిగకుండా నది వెడల్పు చెప్పమన్నారు. అవతలి ఒడ్డున ఉన్న చెట్టుకు ఎదురుగా ఇవతల ఒక పుల్ల పాతి, ఒడ్డు వెంట నడుచుకుంటూ పోయి, చెట్టు సరిగ్గా నలభై అయిదు డిగ్రీల్లో కనబడిన చోట ఆగాలి. నడిచినంత దూరమే నది వెడల్పు. "కావున," అన్నారు నాన్న, ఆగారు. మేం అరిచి చెప్పాం. తిరిగొచ్చేటప్పుడు అక్కడ నాకొక లక్కబంతి కొనిపెట్టారు.

ఎనభైల మొదట్లో జబ్బు చేసింది. అప్పటినుంచి దాహం వేస్తే కావున, దోమ కుడితే కావున. కూరలో ఉప్పెక్కువైతే పళ్ళెం జరిపి, కావున. ఆ తరవాత వాక్యం ఉండదు.

కుడివైపు పడిపోయింది. చెయ్యి పూర్తిగా పోయింది. కాలు కర్రలా బిగిసి, పాదం కిందికి వేలాడేది. విశాఖపట్నం ఆసుపత్రిలో కొన్ని వారాలు ఉంచి, ఎడమ చేత్తో ఏదైనా పట్టుకుని నడవడం నేర్పి పంపారు. బయల్దేరేముందు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచారు.

"మాట పోయింది. లోపల అర్థం చేసుకునే శక్తి ఎంత మిగిలిందో మేం చెప్పలేం. మీరే చూసుకోవాలి."

ఎలా చూసుకోవాలో చెప్పలేదు. నేను పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, రావికమతం వైపు కాలవ పనుల మీద ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. దేన్నయినా కొలవాలంటే టేపుకు రెండు చివరలూ ఆనాలి. నాన్న విషయంలో ఒక చివర నా చేతిలో ఉంది. రెండోది ఎక్కడ ఆనుతుందో తెలియలేదు.

చూడ్డానికి వచ్చినవాళ్ళు ఆయన ఎదురుగానే ఆయన గురించి మాట్లాడుకునేవారు. "మనుషుల్ని పోల్చుకుంటారేటండి?" అని ఒకరు. "ఏటి పోల్చుకుంటారు, పసిగుంటడితో సమానం ఇంక," అని ఇంకొకరు. మొదట్లో అమ్మ వాళ్ళను వారించేది. తరవాత తనే మారింది. పెళ్ళయిన నాటినుంచి ఆయన్ని "ఏమండీ" అని తప్ప పిలవనిది, "మీరు" తప్ప అననిది, ఒకరోజు అన్నం ముద్ద నోటికి అందిస్తూ, "తిను నాయనా, తిను, ఇదొక్కటీ," అంది. అన్నాక తనే ఒక క్షణం ఆగింది. నాన్న ఆమె మొహంకేసి చూసి నోరు తెరిచారు. ఆ పూట నుంచి ఆ ఇంట్లో "ఏమండీ" వినబడలేదు.

మా ఇంటి పునాది ఎత్తు. వానాకాలం వీధి నీరు లోపలికి రాకుండా మూడడుగులు లేపి కట్టారు. వీధి అరుగు నుంచి నిటారు మెట్లు. కాలు వంగనివాడికి మెట్టంటే గోడే. నాన్న వీధిలోకి రావాలంటే కుర్చీలో కూర్చోబెట్టి దించాలి. పక్కింటాయనా ఆయన తమ్ముడూ సాయం వచ్చేవారు. మంచివాళ్ళు. "నీవేపు ఒరిగిపోతన్నాది, ఎత్తు, ఇంకా ఎత్తు," అనుకుంటూ బీరువా దించినట్టు దించేవారు. కుర్చీ నేల వదలగానే నాన్న కళ్ళు మూసుకునేవారు. కుర్చీకాళ్ళు మళ్ళీ నేలకు ఆనేదాకా తెరిచేవారు కాదు.

అది సిగ్గయితే, లోపల నాన్న ఉన్నట్టు. భయమయితే, అది పసివాడికీ ఉంటుంది. ఏదో నాకు తేలలేదు. ఆయన్ని మోయకుండా దించాలని మాత్రం అనుకున్నాను.

మార్గాలన్నీ వరసగా ఆలోచించాను. మెట్ల మీద చెక్కలు పరవడం: వాలు మరీ నిటారు. మెట్ల ఎత్తు తగ్గించి ఎక్కువ మెట్లు కట్టడం: ఎంత చిన్నదైనా మెట్టు మెట్టే. వీధివైపు వాలు కట్టడం: అరుగుకీ రోడ్డుకీ మధ్య చోటు చాలదు. మిగిలింది ఇంటికి దక్షిణం పక్క సందు. పెరటి వసారాకు ఆ వైపు ఒక తలుపుంది. అక్కడ మొదలుపెట్టి సందు పొడవునా వీధిదాకా వాలుగా గచ్చు పోసుకుపోవచ్చు. అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవు ఉంటే వాలు కాలికి తెలియదని చదువుకున్నాను. మూడడుగులకు ముప్పై ఆరు. సందు కొలిస్తే ముప్పై ఎనిమిది వచ్చింది. టేపు చుట్టుకుంటూ నవ్వుకున్నాను. జబ్బు వచ్చాక ఆ ఇంట్లో సరిపోయిన మొదటి లెక్క అది.

మేస్త్రీ వచ్చి చూసి గెడ్డం గోక్కున్నాడు.

"మూడడుగులు దిగడానికి ముప్పయ్యారడుగులు నడవాలేటి బావూ? ఇది ఇల్లా, చింతపల్లి ఘాటీయా?"

"కాలు వంగదు కదా మేస్త్రీ. వాలున్నట్టే తెలియకూడదు."

"అయితే హారను కొట్టమని బోర్డు కూడా ఎట్టీమన్నారా?"

వసారాలో కూర్చున్న నాన్న "కావున" అన్నారు. మేస్త్రీ చప్పున తాపీ కింద పెట్టి చేతులు కట్టుకున్నాడు. "అలాగే మాస్టారూ. తమ దగ్గిర ఎనిమిదో తరగతి రెండుసార్లు సదివాను. ఈ లెక్కయినా తప్పకుండా సేత్తాను."

అప్పటిదాకా ఆయనతో మామూలు మనిషితో మాట్లాడినట్టు మాట్లాడినవాడు అతనొక్కడే.

గచ్చు మూడడుగుల వెడల్పు. వీధికి దిగేవాడికి ఎడమచేతివైపు ఇంటిగోడ, ఆ గోడకు నడుమెత్తున పట్టుకోవడానికి ఇనప గొట్టం. కుడిచేతివైపు సన్నటి కాలవ, అవతల పక్కింటి ప్రహరీ. నేను డ్యూటీకి వెళ్ళినరోజున గచ్చు పోశారు. ఆరి గట్టిపడ్డాక, పాతపెట్టెలోంచి నా లక్కబంతి తీసి, పైన గోడవారగా పెట్టి వదిలాను. నేరుగా వీధికి పోవలసిన బంతి, పోతూ పోతూ కుడివైపు ఒరిగి, పది అడుగుల దగ్గర కాలవలో పడింది. మళ్ళీ వదిలాను. మళ్ళీ అక్కడే పడింది.

"వాటం ఎట్టాను బావూ," అన్నాడు మేస్త్రీ. "కాలవేపు, నలభైకి ఒకటి."

"నీరు పొడవునా వీధిలోకి పోతుంది కదా. పక్కకెందుకు?"

"వీధిలోకి వొదిల్తే ఎదురింటోళ్ళు ఊరుకుంటారేటి? అయినా వాటం లేని గచ్చు ఎవరేత్తారు? మీరు వాటం సూసుకోమన్నారు, సూసుకున్నాను."

నిజమే, అన్నాను. నేను వాటం అన్నది పొడవునా దిగే వాలు. అతను విన్నది తాపీపనివాళ్ళ వాటం, నీరు పక్కకు పోయే ఒరుగు. పన్నెండుకి ఒకటీ నలభైకి ఒకటీ కలిస్తే బంతి ఎటు పోతుందో టాంజెంట్ పట్టిక చెబుతుంది: సందు దారికి పదిహేడు డిగ్రీలకు కాస్త తక్కువ పక్కగా. బంతి కరెక్టుగానే పోయింది. ఆ వాటమనే మాటనే మనం చేతికీ వాడతాం. జబ్బు చేశాక నాన్నది ఎడమచేతి వాటం. గచ్చుది కుడి వాటం. ఈ రెండూ ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ కలవవో ఆ రోజు నాకు తట్టలేదు.

నాన్న మొదటిసారి దిగినప్పుడు అమ్మా నేనూ చెరో చివరా నిలబడ్డాం. ఆయన ఎడమ చేత్తో గొట్టం పట్టుకున్నారు. బిగిసిన కుడికాలు వృత్తలేఖిని కాలులా పక్కనుంచి అర్ధవృత్తం గీసి ముందుకొచ్చింది. గచ్చు కుడివైపుకు కాస్త పల్లంగా ఉండడంతో ఆ కాలు నేలకు తగలకుండా తిరిగింది. ఆగకుండా వీధిదాకా వచ్చారు. కళ్ళు తెరిచే ఉన్నాయి.

తిరిగి ఎక్కడం కుదరలేదు. ఎక్కేటప్పుడు గొట్టం చచ్చుబడిన చేతివైపుకు వచ్చింది. పల్లం బాగున్న కాలివైపుకు పోయి, బిగిసిన కాలివైపు మెరక వచ్చింది. తేడా అర అంగుళం. మోకాలు వంగేవాడికి అది తెలియనైనా తెలియదు. నాన్న వేళ్ళు గచ్చుకు తన్నుకుని బొటనవేలి గోరు చిట్లింది. ఎడమవైపు నేను నిలబడి చెయ్యి అందిస్తే, దాన్ని పట్టుకుని ఎక్కారు. కాలవవైపు కూడా ఒక గొట్టం పెట్టించాలనుకున్నాను. వానలు తగ్గితేగాని మేస్త్రీ రానన్నాడు.

అలా ఒక పద్ధతి ఏర్పడింది. పొద్దున్న ఆయన తనంతట తాను దిగుతారు. సందు మొగలో ఒక చెక్కబల్ల వేయించాను. దాని మీద కూర్చుని రోడ్డు చూస్తారు. కొండమీంచి అడ్డాకుల కట్టలూ చింతపండు బుట్టలూ మోసుకుని సంతకు వచ్చేవాళ్ళు ఆ దారినే పోయేవారు. మధ్యాహ్నం అన్నం అమ్మ అక్కడికే తెచ్చేది. నేను డ్యూటీ నుంచి వచ్చాక ఎక్కిస్తాను. పాత శిష్యుడొకడు బస్సు కండక్టరు. బస్సు ఆ పక్కగా పోతున్నప్పుడు ఫుట్‌బోర్డు మీంచి, "మాస్టారూ, నమస్కారం," అనేవాడు.

"కావున."

"కావున ఇయ్యాల బస్సు లేటండి."

నాన్న పెదవి ఎడమవైపు కాస్త పైకి లేచేది. దాన్ని నవ్వని నేననుకునేవాణ్ణి. అమ్మ అనుకునేది కాదు.

ఒకరోజు కాలవ దగ్గర వానకి పని ఆగిపోయి, మధ్యాహ్నమే ఇంటికి వచ్చాను. మా సందు మొగలో జనం గుమిగూడి ఉన్నారు. "మాస్టారు రివర్సు గేరేసేర్రా," అని ఎవరో అన్నారు, కొందరు నవ్వారు. నాన్న గచ్చు మధ్యలో ఉన్నారు. మొహం వీధివైపు, వీపు ఇంటివైపు. ఎడమ చెయ్యి గొట్టం మీద. వెనక్కి వెనక్కి అడుగేసుకుంటూ పైకి ఎక్కుతున్నారు. చొక్కా చెమటకు తడిసిపోయింది. జనం కేసి చూడటం లేదు.

"మతి సలించినట్టున్నాది. బేగి ఇంట్లోకి తీసికెళ్ళండి," అన్నాడు పక్కింటాయన, జాలిగానే.

పై తలుపులోంచి అమ్మ పరిగెత్తుకొచ్చింది. "ఇటు తిరుగు నాయనా, ఇటు. అందరూ చూస్తన్నారు," అంటూ భుజం పట్టి తిప్పబోయింది. నాన్న భుజం విదిలించుకున్నారు. "కావున," అన్నారు, బళ్ళో అల్లరి ఎక్కువైనప్పటి గొంతుతో. అయినా ఇద్దరం పట్టుకుని ముందుకు తిప్పి లోపలికి తీసుకెళ్ళాం. వసారాలో కూర్చోబెడుతుంటే ఆయన కళ్ళు మూసుకున్నారు.

అమ్మ పక్క తలుపు గడియ వేసి, దాని మీద తాళం కప్ప బిగించింది.

"ఇంట్లోకి వీపుతో వచ్చేవాళ్ళెవరురా? మిగిలిన ఆ కాస్త తెలివీ పోయింది. ఊరంతా నవ్వింది చాలు. రేపట్నించి ఇంట్లోనే ఉంటాడు."

ఉంటాడు, అంది.

నేను కాగితం తీసి సందును పైనుంచి చూసినట్టు గీశాను. గోడ, గొట్టం, కాలవ. దిగే నాన్నకు ఒక బాణం గుర్తు, ఎడమకొక చుక్క, కుడికొక చుక్క. ఎక్కే నాన్నకు బాణం తిప్పితే చుక్కలు తారుమారయ్యాయి. బాణం తిప్పకుండా పైకి జరిపాను. చుక్కలు తారుమారు కాలేదు. గొట్టం బాగున్న చేతికి వచ్చింది. పల్లం బిగిసిన కాలికిందికి వచ్చింది. ఇంకొకటి నాకు కాగితం మీద కాక, ఆయన చిట్లిన గోరు చూస్తే తెలిసింది: వేలాడే పాదం ముందుకు పోతే వేళ్ళు తన్నుకుంటాయి, వెనక్కి పోతే ఊరికే ఈడ్చుకువస్తాయి. సర్వేయంత్రం పట్టుకుని తిరిగే నేను రెండో గొట్టం గురించి ఆలోచిస్తున్నాను. ఆయన బల్ల మీద కూర్చుని, ఉన్న గొట్టంతోనే లెక్క చేసుకున్నారు.

టేపు రెండో చివర ఆనింది. సంతోషించవలసింది. కానీ ఇన్నాళ్ళూ మేం ఆయన ఎదుట అన్న మాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పసిగుంటడితో సమానం. తిను నాయనా. ఉంటాడు.

అమ్మకు కాగితం చూపిస్తే, "నీ గీతలు నాకు తెలీవురా," అంది. తెల్లారాక, ఎలాగో ఒప్పించి తాళం తీయించాను. నాన్న వసారాలో కూర్చుని చూస్తున్నారు. "కుడిచెయ్యి కొంగులో చుట్టేసుకో. కుడికాలు ఎంతమాత్రం వంచకు. దిగు," అన్నాను. విసుక్కుంటూనే దిగింది. "ఇప్పుడు ఎక్కు."

రెండడుగులు వేసింది. ఎడమచేతికి గాలి తప్ప ఏమీ అందలేదు. మూడో అడుగుకి వేళ్ళు తన్నుకుని, తూలి, ఆగింది. సందు మధ్యలో కాసేపు ఊరికే నిలబడింది.  మెల్లిగా వీధివైపు తిరిగి, ఎడమ చేత్తో గొట్టం పట్టుకుని, వెనక్కి ఒక అడుగు వేసింది. ఇంకొకటి వేసింది. వీపు వసారా స్తంభానికి తగిలేదాకా అలాగే వచ్చింది.

కొంగులోంచి చెయ్యి తీసుకుని చాలాసేపు దానికేసి చూసుకుంది. తరవాత నాన్న దగ్గరకు వెళ్ళి నేలమీద కూర్చుంది.

"ఏమండీ," అంది. "మీకన్నీ తెలుస్తన్నాయి కదండీ."

"కావున," అన్నారు నాన్న.

అమ్మ ఏడ్చిన ఏడుపు సందులోకి వినబడి పక్కింటావిడ వచ్చింది, ఏమైందోనని.

ఆ వానాకాలమంతా నాన్న పొద్దున్న మొహంతో దిగి, సాయంత్రం వీపుతో ఎక్కారు. కొన్నాళ్ళకు జనానికి అలవాటైంది. అమ్మ పై తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, ఇంకో నాలుగడుగులే, గుమ్మం వస్తంది," అని చెబుతుండేది. వెనక ఏముందో ఆయనకు కనబడదు కాబట్టి. నేను ఆయన పక్కన కూర్చుని కాలవ పనుల లెక్కలు చెప్పేవాణ్ణి. తప్పు చెబితే ఎడమచేతి వేలు ఎత్తేవారు. అప్పుడప్పుడూ కావాలనే తప్పు చెప్పేవాణ్ణి.

వానలు తగ్గుముఖం పట్టాయి. రెండో గొట్టం కొని తెచ్చి సందులో గోడకు ఆనించాను. మేస్త్రీ వారంలో వస్తానన్నాడు. ఈలోగా నాన్నకు పక్షవాతం రెండోసారి వచ్చింది. ఈసారి ఆసుపత్రిదాకా కూడా పోలేదు.

వీధి మెట్లు ఇరుకని, పాడెను సందులోంచే దించారు. మేస్త్రీ ఒక కొమ్ము పట్టాడు. నేను నిప్పుకుండతో ముందు నడుస్తున్నాను, వెనక్కి తిరిగి చూడకూడదు. నలుగురూ బరువుతో కాలవవైపుకు ఒరుగుతున్నట్టు అడుగుల చప్పుడును బట్టి తెలిసింది. "ఎడం పక్కకి, ఎడం పక్కకి, అక్కడ వాటం ఉన్నాది," అంటున్నాడు మేస్త్రీ. పాదాలు ముందుగా తీసుకెళ్తారు. కావున కుడివైపు కాలవ, ఎడమవైపు గొట్టం. మేం పట్టి ముందుకు తిప్పి ఎక్కించినప్పుడు తప్ప ఆ గచ్చు మీద ఆయన వరస ఎప్పుడూ అదే.

దింపుడు కళ్ళం దగ్గర దించి, చెవిలో మూడుసార్లు పిలవమన్నారు. నాన్నా అని రెండుసార్లు పిలిచాను. మూడోసారి నా నోటికి మాస్టారూ అని వచ్చింది. అందరూ ఆగారు. ఆచారం ప్రకారం ఒక్క క్షణం ఆగాలి.

దినాలయ్యాక యలమంచిలి నుంచి అమ్మకు వరసకు వదినగారు ఒకావిడ చూడ్డానికి వచ్చింది. కాఫీ తాగి, కొంగుతో కళ్ళొత్తుకుని, "ఆఖర్న మతి కూడా పోయిందట కదా వదినా. వెనక్కి నడిచేవాడని బస్సులో చెప్పుకుంటన్నారు," అంది.

అమ్మ గ్లాసు తీసుకుని లేచింది. కోప్పడలేదు.

"కుడికాలు వంచకుండా ఓసారి ఆ సందులో దిగి ఎక్కి రండి వదినా," అంది. "తరవాత మాట్లాడుకుందాం."

ఆవిడ వెళ్ళలేదు. బయట వాన మొదలైంది. అమ్మ పక్క తలుపు తీసి గుమ్మంలో నిలబడింది. గచ్చు మీద నీరు కుడివైపు ఒరిగి కాలవలోకి పోతోంది. గోడకు ఆనించిన రెండో గొట్టం తడుస్తోంది. లోపల పెట్టనా అని అడిగాను.

"ఉండనీ," అంది. "ఆయనకది అక్కర్లేకపోయింది."